పద్నాలుగో పాట చివర

డిస్కు చదివే డ్రైవు మళ్ళీ వెనక్కి వెళ్ళింది. గొంతు సవరించుకుంటున్నట్టు గరగరమంది, ఆగింది, సన్నగా ఈల వేసింది, చదివిన చోటే మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. తెర మీద పద్నాలుగో పాట పక్కన తొంభై మూడు శాతం అని ఉంది, రెండున్నర నుంచీ అదే అంకె. పదమూడు పాటలూ పచ్చటి టిక్కులు పెట్టించుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్నాయి, ఇదొక్కటే ఎర్రగీత. ఈ పద్ధతి మేనకోడలు పెట్టి వెళ్ళింది: డ్రైవు ఒకసారి చదివిందాన్ని నమ్మదు, రెండోసారి చదివి రెండూ ఒకటేనా అని పోల్చి చూసుకుంటుంది, కలవకపోతే మూడోసారి, నాలుగోసారి, పదహారోసారి. స్టేషన్లో కూర్చోబెట్టి అడిగినట్టు, అదే ప్రశ్న, అదే చోటు, ఏదీ ఇంకోసారి చెప్పు. డిస్కు నోరు విప్పడం లేదు. విప్పాలని ఉందో విప్పకూడదని ఉందో నాకే తెలియడం లేదు. నాలుగింటికి పిల్ల డ్యూటీ దిగుతుంది, దిగి ఆస్పత్రి మెట్ల మీదే ఫోను తీసి చూస్తుంది, నిన్న అలాగే అంది, 'నువ్వు సేవ్ కొట్టగానే నాకు కనిపిస్తుంది మావయ్యా, ఇంటిదాకా ఆగలేను.' ఇరవై నాలుగేళ్ళ పిల్ల, మూడేళ్ళప్పటి నుంచీ తల్లి గొంతు విననిది. ఇంకా యాభై నిమిషాలుంది. నా చేతిలో రేపు ఇవ్వాల్సిన పెట్టుడు పళ్ళ కింది దవడ ఉంది, అరగంటగా ఒకే పన్నుని అరగదీస్తున్నాను, ఇప్పుడు చూస్తే అది బియ్యపు గింజంత అయింది. తీసి పారేశాను.

ఈ పన్ను పోతే ఇంకోటి పెట్టొచ్చు, డబ్బాలో రంగురంగుల పళ్ళున్నాయి, కాస్త పసుపువి, కాస్త బూడిదవి, పొగ తాగేవాళ్ళవి, ముప్పై ఏళ్ళుగా నా పనే ఇది, డాక్టర్లు పంపిన సుద్ద అచ్చుల మీద మైనం పెట్టి, చిగుళ్ళు కట్టి, ఊడిన చోట ఊడలేదనిపించడం. పెట్టుడు పన్ను పక్కపళ్ళతో కలిసిపోవాలి, అద్దంలో చూసుకున్నవాడికి ఏ పన్ను ఊడిందో తనకే గుర్తుండకూడదు, అప్పుడే మంచి పనివాడని పేరు. నాకు ఆ పేరు ఉంది. అక్క నవ్వేది, చిన్నప్పుడు బలపాలు కొరికి తిన్నవాడు పెద్దయ్యాక సుద్దలో బతుకుతున్నాడని, నన్ను బలపం అనే పిలిచేది, అందరి ముందూ, మొదటిసారి మా వర్క్‌షాపుకి వచ్చిన డాక్టరు ముందు కూడా. డాక్టరు అదే నా పేరనుకుని ఆ ఏడాదంతా బలపంగారూ అన్నాడు.

అక్క డిస్కుల షాపులో పనిచేసేది, కౌంటరు వెనక పదకొండేళ్ళు, ఇంటికొచ్చేటప్పుడు సంచిలో ఏదో ఒక డిస్కు లేకుండా రాలేదు. రెండు వందల పద్నాలుగు. ప్రతిదాని వెన్ను మీదా చిన్న అంకె, నోటు పుస్తకంలో ఆ అంకెకి ఎదురుగా పేరు, పక్కన ఒక్క ముక్కలో తన తీర్పు. బాగుంది. మొదటి రెండూ చాలు. పాడినవాడికి జలుబు. దీన్ని తమ్ముడికి వినిపించకూడదు, నిద్రపోతాడు. మూడు నెలల క్రితం పిల్ల వచ్చి, ఇదే స్టూలు మీద సుద్ద దులుపుకుని కూర్చుని, 'అమ్మ విన్నవన్నీ వినాలి మావయ్యా, ఒక్కటి కూడా వదలకుండా' అంది, వారం తిరక్కుండా ఈ డ్రైవూ, ఒక చిన్న పెట్టె, మూడు స్పీకర్లూ పట్టుకొచ్చి బిగించింది, ఇక్కడొకటి, వంటగదిలో ఒకటి, పడక దగ్గర ఒకటి. 'పాటని నలిపి చిన్నది చెయ్యదు ఇది. డిస్కులో ఎంతుందో ఫైల్లో అంతే, ఒక్క రవ్వ పోదు' అంది. డిస్కు కడగాలి, మధ్యనుంచి అంచుకి తిన్నగా తుడవాలి, గుండ్రంగా తిప్పి తుడవకూడదు, పెట్టాలి, ఆగాలి, పచ్చటిక్కులు చూసుకోవాలి, పేర్లు కొట్టాలి. ప్రతి పాటకీ అడుగున వ్యాఖ్య అని ఒక గడి ఉంటుంది, అందులో అక్క తీర్పు. అది నా ఆలోచనే. మొదటి రోజు జలుబు సంగతి చూసి పిల్ల ఫోన్లో ఎంత నవ్విందో.

ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం దానిది. ఇద్దరు పేషెంట్ల మధ్య రెండు నిమిషాలు దొరికితే ఫోను మీద వేలు పెడుతుంది, ఇక్కడ మనిషన్నవాడు లేని వంటగదిలో వయొలిన్ మొదలవుతుంది. మొదట్లో మైనం కరిగే గిన్నె వదిలి పరిగెత్తి చూస్తే కుర్చీ, బల్ల, కిటికీ, అంతే. తర్వాత అలవాటైంది. అది పలకరింపు. నాకు విసుగ్గా ఉంది, నువ్వేం చేస్తున్నావ్ అని. ఈ ఇంట్లో పెళ్ళాం లేదు, పిల్లల్లేరు, వచ్చేవాళ్ళు దవడ అచ్చులిచ్చి పోతారు. ఆ పిల్ల వేలి చివర తప్ప నాకు లోకంలో ఇంకో చుట్టరికం లేదు, ఇది ఒప్పుకోవడానికి సిగ్గేమీ పడను. కానీ పాట మొదలైన ప్రతిసారీ పిల్లతో పాటు ఇంకో మనిషి కూడా వచ్చేది. నూట ముప్ఫయ్యో నంబరు వస్తుంటే వెనక నిలబడి, బాగానే ఉందిగాని రెండోది దాటెయ్, అన్నట్టుండేది. రెండు వందల పద్నాలుగు డిస్కుల నిండా అక్కే, గది గదికీ తిరుగుతూ, ఏదో వెతుకుతున్నట్టు. ఏం వెతుకుతోందో నాకు తెలుసు. పిల్లకీ తెలుసు, ఎందుకంటే పుస్తకం దాని దగ్గరే ఉంది, చివరి పేజీలో చివరి వరస: రెండు వందల పదిహేను, పిచ్చుకకి, పద్నాలుగు పాటలు. తీర్పు రాసే చోట ఖాళీ.

పిచ్చుక అంటే అదే. 'రెండొందల పదిహేను ఏది మావయ్యా?' దొరకలేదన్నాను. నెల పోయాక మళ్ళీ అడిగింది, వెతుకుతానన్నాను. మూడోసారి అడగలేదు, ఒక ఆదివారం వచ్చి అటక మీది పెట్టెలన్నీ దింపి, ఒంటి నిండా దుమ్ముతో సాయంత్రందాకా వెతికింది, నేను నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. నిచ్చెనకి మూరెడు దూరంలో పాత పేషెంట్ల సుద్ద దవడలున్న పెట్టె, ఆ దవడల అడుగున డిస్కు. ఇరవై ఒక్క ఏళ్ళుగా అక్కడే. ఆ రోజు వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, 'పోయిందేమోలే, పోనీ' అంది, నాకే ధైర్యం చెబుతున్నట్టు. ఆ పోనీ నన్ను నాలుగు రోజులు కూడు తిననివ్వలేదు. నిన్న ఫోన్ చేసి దొరికిందని చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు.

తొంభై మూడు ఒక్కసారిగా తొంభై నాలుగైంది. మళ్ళీ ఈల. పెట్టె మీద చెయ్యి వేస్తే వెచ్చగా ఉంది.

ఇరవై ఒక్క ఏళ్ళ క్రితం, అక్క పనిచేసే షాపు వెనక గది, ఖాళీ అట్టపెట్టెల మధ్య. షాపాయన మైకు, మిషను చూపించి, ఎర్రబొత్తాం నొక్కితే మొదలు, ఇంకోసారి నొక్కితే ఆఖరు, మరేదీ ముట్టుకోవద్దని నాకు చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళాడు. పదమూడు పాటలు అక్క తన డిస్కుల్లోంచి ఏరి ముందే పెట్టుకుంది. పద్నాలుగోది తను. అంత ఉక్కలోనూ స్వెట్టరు వేసుకుంది, మెడ దగ్గర ఎముకలు కనిపిస్తున్నాయి, మైకు ముందు కూర్చుని నీళ్ళు తాగి, మాటల్లేకుండా కూనిరాగం తీసింది, రోజూ పిల్లని పడుకోబెట్టేటప్పుడు తీసేదే, పైకి వెళ్ళి అక్కడే ఏదో మర్చిపోయినట్టు ఆగి కిందికి దిగే రాగం. 'మాటలు లేకపోతే పాటెలా అవుతుందే?' అని ముందే అడిగాను. 'మాటలుంటే అర్థం చేసుకోవాలిరా, దానికి మూడేళ్ళేగా' అంది. రాగం అయిపోయింది, నేను ఎర్రబొత్తాం మీదికి చెయ్యి చాపాను, అక్క నా మణికట్టు పట్టుకుంది. అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో. 'ఒరే బలపం, ఇది కూడా రికార్డవనీ. పిల్లని నువ్వే పెంచు. ఎవ్వరికీ ఇవ్వకు. మాటిచ్చావుగా, ఇదిగో సాక్ష్యం.' నవ్వింది, నవ్వు దగ్గులోకి దిగేలోపు నేను బొత్తాం నొక్కేశాను. బావ ఓడల మీద పనిచేసేవాడు, ఆర్నెల్లకోసారి మనిషి, అక్కకి నమ్మకం లేదు, నా మీదుంది. డిస్కు బయటికొచ్చాక పేరు రాయమంది. అక్కడి లావు పెన్ను ఎండిపోయింది, నా జేబులో బాల్‌పెన్ను. జారుడుగా ఉంది, పడలేదు, అంచు పొడవునా వంపుగా పిచ్చుకకి అమ్మ అని, పడేదాకా, ఒకదాని మీద ఒకటి మూడుసార్లు దిద్దాను. 'నెమ్మదిరా, చెక్కేస్తున్నావా ఏంటి?' అంది అక్క. అవే తను ఆ గదిలో అన్న ఆఖరి మాటలు.

ఇన్నేళ్ళూ ఆ డిస్కు మెరిసే వైపుని పసిబిడ్డని చూసుకున్నట్టు చూశాను, మెత్తటి గుడ్డలో చుట్టి, గీత పడకుండా. మూడు నెలల క్రితం, మొదటి డిస్కు కడుగుతున్న రోజు, పిల్ల చెప్పింది, అందరూ కిందివైపు చూసి భయపడతారుగాని పాట ఉండేది పైన, పేరు రాసే వైపు, ఆ పొర కిందే, గోరు గీసినా పోతుంది. లోపలి నుంచి మొదలై బయటికి చుట్టుకుంటూ వస్తుంది, ఆఖరి పాట అంచు దగ్గర. నేను నల్లా కింద డిస్కు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నీళ్ళు చొక్కా చేతిలోకి పోతున్నాయి. అంచు పొడవునా, వంపుగా, మూడుసార్లు. నాకేం తెలుసు అప్పుడు. తెలియదు. ఈ మాట మూడు నెలలుగా రోజూ అనుకుంటున్నాను, తెలియదు, నాకు తెలియదు, మరైతే తెలిసిన రోజు నా కడుపులో భయంతోపాటు ఇంకోటి కూడా చల్లగా దిగింది కదా, అదేమిటి, సాక్ష్యం పోయిందన్న నిశ్చింత కాదూ. ఇంత దుర్మార్గుణ్ణా నేను. కాను. అంత మంచివాణ్ణీ కాను.

పందొమ్మిది రోజులు పెంచాను. వర్క్‌షాపు వెనక ఒక్కటే గది అప్పుడు, అక్క పోయిన కొత్తలో, స్టవ్వూ మంచమూ అందులోనే. పిల్ల ఏడ్చేది కాదు, అదే భరించలేకపోయాను. బల్ల కింద నా కాళ్ళ దగ్గర కూర్చుని మైనం ముక్కలతో పక్షులు చేసేది, పడుకునేటప్పుడు మాత్రం 'అమ్మది పెట్టు' అనేది, నేను డిస్కు పెట్టలేదు, ఒక్కసారి కూడా, పదమూడు పాటలు దాటితే ఏమొస్తుందో నాకు తెలుసు కాబట్టి. రేపు పెడతానన్నాను, పందొమ్మిది రేపులు. పందొమ్మిదో రోజు ఒక పెద్దాయన కొత్త పళ్ళ కోసం వచ్చి కూర్చున్నాడు, నేను డబ్బా తెరిస్తే ఖాళీ. బల్ల కింది నుంచి పిల్ల లేచింది, ఆయన పళ్ళు నోట్లో పెట్టుకుని, ఇంత నోరు చేసుకుని నవ్వుతూ. తల్లి పోయాక అదే మొదటి నవ్వు. ఆయన అరిచాడు. నేను కొట్టాను. చెంప మీద, సుద్ద చేత్తో, తెల్లగా అయిదు వేళ్ళూ పడ్డాయి. అది ఏడవలేదు, పళ్ళు తీసి, గౌనుకి తుడిచి, రెండు చేతులతో నాకు ఇచ్చింది. సాయంత్రమే బావ చెల్లెలికి ఫోన్ చేశాను, నా వల్ల కాదు, వచ్చి తీసుకెళ్ళండి అన్నాను. ఆవిడ మంచిదే, తిండికీ బట్టకీ లోటు చెయ్యలేదు, కాకపోతే ఆ ఇంట్లో పిల్ల ఎప్పుడూ తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చునేది. పోయినప్పుడల్లా చూశాను. చూసి బిస్కెట్లిచ్చి వచ్చేవాణ్ణి.

తొంభై ఆరు. అరె, కదులుతోంది. కదలకు. కదులు.

దానికి ఎనిమిదేళ్ళప్పుడు, ఆ తలుపు దగ్గరి కుర్చీలోంచే అడిగింది, 'అమ్మ నాకేమైనా చెప్పమందా మావయ్యా?' పక్క గదిలో దాని మేనత్త ఉంది, నా చేతిలో టీ ఉంది. బాగా చదువుకోమందమ్మా, అన్నాను. ఎంత చక్కగా అతికిందో, రంగు కూడా తేడా రాలేదు. అప్పటినుంచీ చదువే చదువు. గోడకి కాగితం అంటించుకుంది, అమ్మ చెప్పింది అని పైన రాసి. ఉద్యోగం వచ్చిన రోజు నాకే మొదట చెప్పి, 'అమ్మ మాట నిలబెట్టాను' అంది. ఆ మాట అక్కది కాదు, నా డబ్బాలోది. ఇప్పుడు నోరు విప్పితే నేను మాట తప్పినవాణ్ణని ఒక్కటే తెలియడం కాదు, దానికి తల్లి ఇచ్చిందనుకుంటున్న ఒక్క మాటా ఊడొస్తుంది. విప్పకపోతే ఏమీ కాదు. నాలుగింటికి పాట వింటుంది, ఏడుస్తుంది, నాకు ఫోన్ చేస్తుంది, థాంక్స్ మావయ్యా అంటుంది. ఆదివారం వస్తుంది. వంటగదిలో వయొలిన్ మోగుతుంది. నా గురించి చెప్పగలిగిన మనిషి ఎర్రగీత అయి కూర్చుంది.

ఆగిపోయింది. ఈల లేదు, గరగర లేదు, ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందని ఇప్పుడే తెలిసింది. తెర మీద చిన్న చీటీ: మూడు నిమిషాల పద్దెనిమిదో సెకను నుంచి తొమ్మిది సెకన్లు చదవలేకపోయాను, ఖాళీగా వదలనా, అటూ ఇటూ ఉన్నదాన్ని బట్టి నింపి కలిపెయ్యనా. నన్నే అడుగుతోంది. హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని ముందు విన్నాను. రాగం మొత్తం ఉంది. అక్క ఊపిరి ఉంది, మధ్యలో బయట ఏదో బండి హారను ఉంది, పైకి వెళ్ళి మర్చిపోయి ఆగడం ఉంది, నా కుర్చీ కిర్రుమనడం కూడా ఉంది, ఇరవై ఆరేళ్ళ నేను. తర్వాత, చెవిలో నోరు పెట్టినట్టు, ఒరే బలపం, ఇది కూడా రికార్డవనీ. తర్వాత లేదు. తొమ్మిది సెకన్లు ఏమీ లేదు, గది కూడా లేదు, గాలి కూడా లేదు. తర్వాత నవ్వు, తెగిపోయిన నవ్వు. అంత దూరం నుంచి నడుచుకుంటూ వచ్చి, గుమ్మందాకా వచ్చి, నన్ను పేరు పెట్టి పిలిచి ఊరుకుంది. పిల్లకి ఆ పేరు తెలుసు. అడుగుతుంది, అమ్మ నీతో ఏమంది అని, నాకు అప్పుడే మూడు జవాబులు తయారుగా ఉన్నాయి, మందుల సంగతేదో అంది, షాపు తాళం గురించి, గుర్తులేదమ్మా. గుర్తులేదమ్మా అన్నదే అన్నిటికన్నా బాగా అతికేలా ఉంది.

నింపి కలిపెయ్యి అన్నది ఎలా ఉంటుందో చూద్దామని నొక్కాను. నొక్కి విన్నాను. తొమ్మిది సెకన్ల పాటు సన్నగా ఏదో హోరు, పిలుపు నుంచి నవ్వులోకి జారిపోయింది, ఎక్కడా అతుకు తెలియలేదు, అక్క నన్ను ఉత్తినే పిలిచి ఉత్తినే నవ్వినట్టుంది. మంచి పని. నేను చేసినట్టే ఉంది. వెంటనే వెనక్కి తీసుకుని, ఖాళీగా వదలమన్నాను.

మూడు గంటల నలభై ఎనిమిది. వ్యాఖ్య గడి. రెండు వందల పద్నాలుగు డిస్కులకీ అక్క తీర్పు ఎక్కించిన చెయ్యే, ఇప్పుడు ఒక్క అక్షరం కొట్టలేకపోతోంది. బాగుంది అని కొట్టి చెరిపేశాను. గుర్తులేదు అని కొట్టాను, చాలాసేపు చూశాను, చెరిపాను. ఇక కొట్టాను. ఈ తొమ్మిది సెకన్లలో అమ్మ అన్నది ఇది: పిల్లని నువ్వే పెంచు, ఎవ్వరికీ ఇవ్వకు, మాటిచ్చావుగా, ఇదిగో సాక్ష్యం. నేను పందొమ్మిది రోజులు పెంచాను. ఒకసారి కొట్టాను. తీసుకెళ్ళమని అత్తకి నేనే ఫోన్ చేశాను. చదువుకోమని చెప్పింది అమ్మ కాదు, నేను. డిస్కు ఎప్పుడూ పోలేదు, నువ్వు నిచ్చెన ఎక్కిన రోజు కూడా నా పక్కనే ఉంది. ఇక్కడ చెడింది నా పెన్ను వల్ల. అడుగున బలపం అని పెట్టాను. చదివి చూసుకుంటే మళ్ళీ చెరిపేస్తానని చదవకుండా సేవ్ కొట్టాను.

పచ్చటిక్కు పడలేదు, పసుపుది పడింది.

నాలుగైంది. ఇప్పుడు కోటు విప్పుతూ ఉంటుంది. ఇప్పుడు మెట్లు. వంటగదిలోకి వెళ్ళి టీకి నీళ్ళు పెట్టాను, పొడి వెయ్యడం మర్చిపోయి మరగనిచ్చాను. నాలుగుంపావు. ఫోను బల్ల మీద నల్లగా పడుంది. పిల్ల గొంతు ఇక వినపడదు, ఆదివారాలు అయిపోయాయి, సరే, నా చేతులారా చేసుకున్నదే. ఇన్నాళ్ళూ గది గదికీ తిరుగుతున్న అక్క మాత్రం ఆగింది, ఎక్కడా చప్పుడు లేదు. నాలుగున్నర. గిన్నెలో నీళ్ళు అడుగంటాయి.

కిటికీ దగ్గరి స్పీకరు చిటుక్కుమంది. మైకు ముందు నీళ్ళ గ్లాసు పెట్టిన చప్పుడు. కూనిరాగం. ఫోన్లో కాదు, దాని చెవుల్లో కాదు, నా ఇంట్లో పెట్టింది, వంటగదిలో, పడక దగ్గర, వర్క్‌షాపులో, మూడు చోట్లా ఒకేసారి. ఇల్లంతా అక్క. పైకి వెళ్ళింది, మర్చిపోయి ఆగింది, దిగింది, కుర్చీ కిర్రుమంది. ఒరే బలపం, ఇది కూడా రికార్డవనీ. ఇక ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాంట్లో నిలబడలేక నోరు తెరిచాను, నా గొంతు నాకే కొత్తగా ఉంది, పిల్లని నువ్వే పెంచు అన్నాను గట్టిగా, ఎవ్వరికీ ఇవ్వకు, మాటిచ్చావుగా, ఇదిగో సాక్ష్యం. సరిగ్గా సరిపోయింది. అక్క నవ్వింది.

ఫోను చూశాను. మాటా లేదు, కబురూ లేదు. పాట పేరు, దాని పక్కన రెండు బాణాలు ఒకదాన్నొకటి తరుముకుంటున్న గుర్తు, ఇదే పాట మళ్ళీ మళ్ళీ అని. కోపంతో పెట్టిందో, ఏడుస్తూ పెట్టిందో, అసలు మెట్ల మీదే కూర్చుండిపోయిందో తెలియదు. స్పీకరు మళ్ళీ చిటుక్కుమంది. గ్లాసు చప్పుడు, కూనిరాగం. స్టవ్వు ఆపి, కుర్చీ లాక్కుని, నా వంతు వచ్చేదాకా కూర్చున్నాను.